అల్లాయ్ వీల్స్ మారుస్తున్నారా? డిజైన్ కంటే ముందు వీల్ వెనకున్న ఈ నంబర్ చూడండి..

కారు కొన్న కొన్నాళ్లకే చాలామంది చూపు అల్లాయ్ వీల్స్ మీద పడుతుంది. షాపుకెళ్లి డిజైన్ చూస్తారు, సైజు అడుగుతారు, బోల్టు రంధ్రాలు సరిపోతే బిగించేస్తారు. ఆఫ్‌సెట్ ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. టైర్ ఫెండర్‌కు రాసుకుంటున్న చప్పుడు వచ్చాకే దాని సంగతి తెలుస్తుంది.

ఇంతకీ ఆఫ్‌సెట్ అంటే ఏంటి? వీల్ వెడల్పుకు సరిగ్గా మధ్యలో గీత గీశామనుకోండి. ఆ గీతకూ, వీల్ హబ్‌కు ఆనుకునే భాగానికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్. మిల్లీమీటర్లలో చెబుతారు. ఆనుకునే భాగం గీతకు బయటివైపు ఉంటే పాజిటివ్, లోపలివైపు ఉంటే నెగెటివ్. ఇప్పటి చిన్న కార్లలో దాదాపు అన్నీ పాజిటివే. వీల్ వెనకవైపు 'ఈటీ 45' అన్నట్టు అచ్చు వేసి ఉంటుంది. ఈ అంకె తగ్గితే వీల్ బయటికొస్తుంది, పెరిగితే లోపలికెళ్తుంది.

అసలు చిక్కు వీల్ వెడల్పు కూడా మారినప్పుడే. కంపెనీ వీల్ 6 అంగుళాలు, ఈటీ 45 అనుకుందాం. దాని బదులు 7 అంగుళాల ఈటీ 35 వేస్తే, లోపలికి 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది కానీ బయటికి దాదాపు 23 మిల్లీమీటర్లు పొడుచుకొస్తుంది. ఆఫ్‌సెట్ తేడా 10 మాత్రమే కదా అనుకుంటే పొరపాటే. ఒంటరిగా నడిపినప్పుడు ఏమీ తెలియదు. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీలో లగేజీ పెట్టి స్పీడ్ బ్రేకర్ ఎక్కించినప్పుడు టైర్ కోసుకుపోతుంది. వీల్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది, గుంతల్లో స్టీరింగ్ చేతుల్లోంచి లాగేస్తుంది. అంకె మరీ ఎక్కువైతే టైర్ లోపల సస్పెన్షన్‌కు తగులుతుంది.

స్పేసర్ వేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. 10 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే ఈటీ 45 కాస్తా 35 అవుతుంది, అంతే. పైగా పాత బోల్టులకు మరలు పట్టే పొడవు తగ్గిపోతుంది. ఇది అన్నిటికన్నా ప్రమాదం.

వెడల్పు మార్చకుండా, ఆఫ్‌సెట్ కంపెనీ అంకెకు 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే సాధారణంగా ఇబ్బంది రాదు. డబ్బు కట్టేముందు ముందు వీల్ ఒకటి బిగించమని, స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడాలి. వెనక వీల్‌ను మాత్రం సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టి చూడాలి. షాపువాళ్లు విసుక్కున్నా సరే.