నీళ్ళ మీద బెంజీన్ చుక్క

పాలూ నీళ్ళలా కలిసిపోయే ద్రవాలు మనకి తెలుసు, నూనే నీళ్ళలా విడిగా ఉండేవీ తెలుసు. ఈ రెంటికీ మధ్య ఇంకో జాతి ఉంది. పైకి రెండు పొరలుగానే కనిపిస్తాయి గానీ, దీన్లోకి అది కొంచెం, దాన్లోకి ఇది కొంచెం దూరుతుంది. బెంజీన్, నీళ్ళు అలాంటి జంట. లీటరు నీళ్ళలో రెండు గ్రాముల బెంజీన్ కూడా కరగదు. ఆ మాత్రానికే ఎంత గొడవ జరిగిందో చెబుదామనే ఈ టపా.

శుభ్రమైన నీళ్ళ మీద ఓ బెంజీన్ చుక్క వేస్తే మొదట జర్రున పరుచుకుంటుంది. కాసేపట్లో ఎవరూ ముట్టుకోకుండానే వెనక్కి ముడుచుకుని, చిన్న చిన్న కటకాల్లా తేలుతుంది. (ఇంట్లో చేయకండి, బెంజీన్ కాన్సర్ కారకం.) ముందు పరుచుకున్నది మళ్ళీ ఎందుకు ముడుచుకున్నట్టు?

లెక్క చాలా సింపుల్. 20 డిగ్రీల దగ్గర నీటి తలతన్యత సెంటీమీటరుకి 72.8 డైన్లు. బెంజీన్‌ది 28.9, రెండూ కలిసే సరిహద్దు దగ్గర 35.0. బయటికి లాగేది 72.8, లోపలికి లాగేవి రెండూ కలిపి 63.9. బయటి లాగుడు 8.9 ఎక్కువ, అందుకే చుక్క పరుచుకుంటుంది. కానీ ఈలోగా బెంజీన్ నీళ్ళలోకి చేరుతుంది, నీటి తలతన్యత 62.2కి పడిపోతుంది. అటువైపు మొత్తం మాత్రం 63.8 దగ్గరే ఉంది. ఇప్పుడు 1.6 తక్కువైంది, చుక్క ముడుచుకుంది. కాష్ ఖాళీగా ఉన్నప్పుడు తీసిన బెంచ్‌మార్క్, నిండాక తీసిన బెంచ్‌మార్క్ వేరువేరుగా వచ్చినట్టు అన్నమాట. రెండూ నిజమే, ఎప్పుడు కొలిచారన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఇంత తేలిగ్గా చెప్పేస్తున్నాం గానీ, 19వ శతాబ్దంలో దీన్ని తేల్చడం దాదాపు అసాధ్యం. ఎందుకంటే అసలు శుభ్రమైన నీటి ఉపరితలం ఎవరి దగ్గరుంది? వేలికంటిన జిడ్డు చాలు, అంకెలు మారిపోతాయి. చుక్క పరుచుకోలేదంటే అది ద్రవాల స్వభావమా, నీళ్ళలోని మురికా అని తేల్చే దారి లేదు.

ఆ దారి చూపించింది జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్ళో ఇల్లు చూసుకుంటున్న ఓ అమ్మాయి, ఆగ్నెస్ పోకెల్స్. పుట్టింది 1862లో. ఫిజిక్సంటే ఇష్టం, కానీ అప్పట్లో అక్కడి యూనివర్సిటీలు ఆడపిల్లల్ని చేర్చుకునేవి కావు. తర్వాత తలుపులు తెరుచుకున్నా, అమ్మానాన్నలు వద్దనడంతో ఇంట్లోనే ఉండిపోయింది. తమ్ముడు ఫ్రీడ్రిష్ మాత్రం గోటింగెన్‌లో ఫిజిక్స్ చదివి, అక్కకి పుస్తకాలు పంపేవాడు. (ఫైబర్ ఆప్టిక్స్‌లో కాంతిని మాడ్యులేట్ చేసే చాలా పరికరాలు వాడుకునే పోకెల్స్ ఎఫెక్ట్ ఈయన పేరు మీదే ఉంది. మీరు ఈ టపా చదవగలగడంలో తమ్ముడి వాటా కూడా ఉందన్నమాట.)

ఆవిడ పరికరం ఏంటంటే, 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పున్న ఓ రేకు తొట్టి. అంచుల దాకా నీళ్ళు పోసి, అడ్డంగా ఓ రేకు బద్ద పెట్టింది. బద్దని జరిపితే ఉపరితలం మీది మురికంతా ఒక పక్కకి పోతుంది, వెనక శుభ్రమైన ఉపరితలం మిగులుతుంది. అంతే! తలతన్యత కొలవడానికి నీళ్ళకి ఆనించిన చిన్న బిళ్ళ, దాన్ని పైకి లాగే త్రాసు. మురికి పొరని నొక్కుతూ పోతే ఒక హద్దు దాకా తలతన్యత మారదనీ, అది దాటగానే ఠక్కున పడిపోతుందనీ కనిపెట్టింది. ఇదంతా దాదాపు పదేళ్ళు ఇంట్లోనే, చదివేవాళ్ళెవరూ లేకుండా.

1891 జనవరిలో, ఇదే విషయం మీద పనిచేస్తున్న లార్డ్ రేలీకి జర్మన్‌లో ఉత్తరం రాసింది. రేలీ చేసిన పని నాకు భలే నచ్చుతుంది. తన పేపర్లో ఎక్కడో ఓ మూల ప్రస్తావించి సరిపెట్టుకోవచ్చు, ఎవరడుగుతారు? ఆయన దాన్ని భార్య చేత ఇంగ్లీషులోకి మార్పించి, తన సిఫార్సు జోడించి 'నేచర్'కి పంపాడు. మార్చి 12న ఆవిడ పేరుతోనే అచ్చయింది.

అక్కణ్ణుంచి కథ వేగం పుంజుకుంది. 1907లో ఆంటొనోవ్ ఒక సూత్రం చెప్పాడు: ఒకదాన్లో ఒకటి కరగాల్సినంతా కరిగాక, రెండు ద్రవాల తలతన్యతల తేడాయే వాటి సరిహద్దు తలతన్యత అని. బెంజీన్‌కి అలా లెక్కేస్తే 33.4 వస్తుంది, కొలిస్తే 35.0. ఆ చిన్న తేడాలోనే, పైన చెప్పిన 1.6లోనే, చుక్క ఎందుకు ముడుచుకుంటుందో దాగి ఉంది. పరుచుకోవడాన్ని ఇలా లెక్కగట్టే పద్ధతిని షికాగో యూనివర్సిటీలో హార్కిన్స్ బృందం 1922లో స్థిరపరిచింది.

ఈలోగా 1917లో ల్యాంగ్ముయిర్ ఆ రేకు తొట్టినే మెరుగుపరిచి అణువుల సైజు కొలిచాడు. ఉపరితల రసాయనశాస్త్రంలో కృషికి 1932లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది బ్రౌన్‌ష్వైగ్ టెక్నికల్ యూనివర్సిటీ ఆగ్నెస్‌కి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అప్పటికి ఆవిడకి 70 ఏళ్ళు. ఇంకో మూడేళ్ళకి పోయారు. ఆ తొట్టిని ఇప్పటికీ ల్యాబుల్లో ల్యాంగ్ముయిర్ తొట్టి అనే పిలుస్తారు.