మామూలు కార్లు ఎక్కడికి పోయాయి: అమెరికా మజిల్ కార్ల యుగంలో బేస్ మోడళ్ళ కొరత

1967 మోడల్ సంవత్సరంలో షెవర్లే 2,20,906 కమారోలు తయారు చేసింది. వాటిలో ఆరు సిలిండర్ల ఇంజనుతో అమ్ముడైనవి సుమారు 58,800. రేసుల కోసం చేసిన జెడ్/28 కార్లు 602 మాత్రమే. ఇప్పుడు అమెరికాలో పాత కార్ల ప్రదర్శనకు వెళ్ళినవారికి ఈ లెక్క తలకిందులైనట్టు అనిపిస్తుంది. జెడ్/28 చారలు వేసుకున్న కమారో ఎక్కడైనా ఒకటో రెండో తగులుతుంది. ఆరు సిలిండర్లు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు, స్టీరింగ్ పక్కనే అమర్చిన మూడు గేర్ల కడ్డీతో, ఫ్యాక్టరీలో పుట్టినప్పటి రూపంలోనే ఉన్న కమారోను మాత్రం పనిగట్టుకుని వెతకాలి.

తక్కువ తయారైన వస్తువు అరుదుగా దొరకడం సహజం. వేలల్లో, లక్షల్లో తయారైనది అరుదైపోతే దానికి కారణం చెప్పాలి. కాలం, తుప్పు ఆ కారణంలో ఒక భాగం. మిగతా భాగం పాత కార్లంటే ప్రాణం పెట్టేవారి షెడ్లలోనే జరిగిందని ఈ వ్యాసం వాదిస్తుంది. ఆ పని ఎంతవరకు సాగాలో చాలాచోట్ల ఫ్యాక్టరీ రికార్డులూ, కారు నంబరులోని ఒకటి రెండు అంకెలూ నిర్ణయించాయి.

ఒకే ఒళ్ళు, రెండు జాతకాలు

మజిల్ కారు, అంటే మామూలు ఒంట్లో పెద్ద ఇంజను పెట్టిన వేగపు కారు, విడిగా పుట్టిన జాతి కాదన్నది ముందు గమనించాలి. 1964లో పాంటియాక్ జీటీఓ వచ్చినప్పుడు అది ప్రత్యేక మోడల్ కూడా కాదు. టెంపెస్ట్ లెమాన్స్ అనే మధ్యతరహా కారుకు దాదాపు 295 డాలర్లు అదనంగా కడితే వచ్చే ఒక ఆప్షన్. మధ్యతరహా కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజను పెట్టరాదని జనరల్ మోటార్స్‌లో నియమం ఉండేది. పాంటియాక్‌లో జాన్ డెలోరియన్ బృందం 389 అంగుళాల ఇంజనును ఆప్షన్ల జాబితాలో చేర్చి ఆ నియమాన్ని పక్కకు తప్పించింది. మొదటి ఏడాదే 32,450 అమ్ముడయ్యాయి. 1968లో ప్లిమత్ రోడ్ రన్నర్ ఇంకా సూటిగా వచ్చింది. చవకైన బెల్వెడీర్ ఒంట్లో 383 అంగుళాల ఇంజను పెట్టి, కార్టూన్ పక్షి పేరు కోసం వార్నర్ బ్రదర్స్‌కు 50,000 డాలర్లు చెల్లించి, 2,896 డాలర్లకు అమ్మకానికి పెట్టారు.

అంటే బేస్ మోడల్, మజిల్ కారు ఒకే అచ్చులో పోసిన రేకు. తలుపులు, అద్దాలు, డాష్‌బోర్డు చాలావరకు ఒకటే. తేడా అంతా బానెట్ కింద, చక్రాల వెనక, గుర్తుల బిళ్ళల్లో ఉంటుంది. ఈ దగ్గరితనమే తర్వాత మామూలు కారుకు ముప్పయింది. పోలికే లేని కారును ఇంకొకటిగా మార్చడం కష్టం. కవలను మార్చడానికి ఎంతసేపు?

మొదటి విడత నష్టం

1970లలో ఈ కార్లు మూడో చేతికి, నాలుగో చేతికి మారాయి. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాక పెద్ద ఇంజన్ల కార్లను రోజూ తిప్పడం భారమైంది. పెట్రోలు తక్కువ తాగే ఆరు సిలిండర్ల వాలియంట్లు, డార్ట్‌లు, నోవాలు, మస్టాంగులు ఆఫీసుకూ కాలేజీకీ తిరుగుతూనే ఉన్నాయి. పెళ్ళి పట్టుచీర బీరువాలో మిగిలి, రోజూ కట్టిన నేతచీర మసిగుడ్డ అయినట్టు, ఎక్కువ పనికొచ్చిన కారే ముందు అరిగిపోయింది. మంచు కురిసే ఉత్తరాది రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు నేలరేకుల్ని తినేసింది. క్రైస్లర్ వారి 225 అంగుళాల స్లాంట్ సిక్స్ మొండితనానికి పేరుపొందిన ఇంజను. ఎన్నో కార్లలో ఇంజను బతికుండగానే దాని చుట్టూ ఉన్న కారు రాలిపోయింది.

ప్రభుత్వ, వ్యాపార పథకాలూ తోడయ్యాయి. 1990లో యునోకాల్ చమురు సంస్థ లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పొగను తగ్గించడానికి, 1971కి ముందరి కార్లను ఒక్కోటి 700 డాలర్లకు కొని తుక్కు చేసింది. ఎనిమిది వేలకు పైగా కార్లు అలా పోయాయి. ఉప్పు తగలని కాలిఫోర్నియా రేకు అది! ధర పలికే జీటీఓను 700 డాలర్లకు ఎవరూ ఇవ్వరు. ఆ యార్డులకు నడుచుకుంటూ వెళ్ళినవి ఎక్కువగా ఇలాంటి మామూలు బండ్లేనని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. టెలివిజన్ సంగతి వేరు. 1979 నుంచి 1985 వరకు సి.బి.ఎస్.లో నడిచిన ‘డ్యూక్స్ ఆఫ్ హజార్డ్’ కోసం దాదాపు మూడు వందల డాడ్జ్ చార్జర్లను గాల్లోకి ఎగరేసి పాడుచేశారు. అప్పటికి అవి పాత కార్లు, అంతే.

అంకెలు ఆడించిన ఆట

రెండో విడత నష్టం 1980ల తర్వాత, మజిల్ కార్ల ధరలు లేచాక జరిగింది. ఈ దశే ఎక్కువ ఆసక్తికరం.

దేశమంతటికీ ఒకే తీరైన 17 అక్షరాల వాహన గుర్తింపు నంబరు 1981 మోడళ్ళతో వచ్చింది. అంతకుముందు ప్రతి కంపెనీదీ ఒక పద్ధతి. 1967–69 కమారో నంబరు 123తో మొదలైతే ఆరు సిలిండర్లు, 124తో మొదలైతే వి8 (ఎనిమిది సిలిండర్లు). అంతకుమించి అది చెప్పదు. ఆ వి8 మామూలు 327 అంగుళాలదా, ఎస్.ఎస్. అనే వేగపు రకంలోని 396దా, జెడ్/28దా అన్నది నంబరులో లేదు. షెవర్లే వారి మధ్యతరహా కారు షెవెల్‌లో 1966 నుంచి 1968 వరకు ఎస్.ఎస్. 396కు 138 అనే వేరే వరస ఉండేది. 1969లో ఎస్.ఎస్.ను ఆప్షన్‌గా మార్చారు. ఆ ఏడు 86,307 మంది ఆ ఆప్షన్ తీసుకున్నారు గాని, నంబరు చూస్తే అవి మామూలు షెవెళ్ళైన మాలిబు వి8లతో కలిసిపోతాయి. జనరల్ మోటార్స్ కార్ల నంబరులో ఇంజను గుర్తు 1972లోనే చేరింది.

ఫోర్డ్‌లోనూ, 1960ల చివరి క్రైస్లర్ కార్లలోనూ అయిదో అక్షరం ఇంజనును చెప్పేస్తుంది. మస్టాంగులో ‘టి’ ఉంటే 200 అంగుళాల ఆరు సిలిండర్లు, ‘కె’ ఉంటే 271 హార్స్‌పవర్ 289. ప్లిమత్, డాడ్జ్‌లలో ‘జె’ అంటే హెమీ అనే పెద్ద ఇంజను (1970–71లో ‘ఆర్’). ఇక్కడ మోసం చేయాలంటే నంబరు పలకనే మార్చాలి. అది ఫెడరల్ నేరం.

కాగితాల సంగతి చూద్దాం. పాంటియాక్ ఫ్యాక్టరీ బిల్లుల నకళ్ళు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ ద్వారా దొరుకుతాయి. 1967 నుంచి ఫోర్డ్ తయారీ వివరాలు మార్టి రిపోర్టుగా వస్తాయి. అమెరికాలో అమ్మిన షెవర్లేలకు అలాంటి ఫ్యాక్టరీ ఖాతా అందుబాటులో లేదు. పెట్రోలు ట్యాంకు మీదనో సీటు స్ప్రింగుల్లోనో ఇరుక్కుపోయిన బిల్డ్ షీట్ అనే తయారీ చీటీ, వారంటీ పుస్తకంతో ఇచ్చిన ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు బిళ్ళ మాత్రమే సాక్ష్యాలు. ఇవి లేని షెవర్లే ఏమని చెబితే అదే.

ఈ మూడు వ్యవస్థల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తోస్తుంది. కాగితం గట్టిగా ఉన్నచోట లెమాన్స్‌ను జీటీఓగా అమ్మడం కష్టం కాబట్టి, ఆ కోరికతో దాని మీద చెయ్యి వేసేవారూ తగ్గుతారు. కాగితం లేనిచోట మామూలు వి8 మాలిబు, మామూలు వి8 కమారో ముడిసరుకు అవుతాయి. దొంగచాటు మార్పిడికి ముందుగా బలయ్యేది ఆరు సిలిండర్ల కారు అని అందరూ అనుకుంటారు గాని, కమారోలో మాత్రం ఆ కారుకు 123లోని ‘3’ కొంత కాపు కాసింది. ఎస్.ఎస్. గుర్తులు తగిలించుకుని కనుమరుగైనవి 307, 327 వి8లతో వచ్చిన ఇంటి కార్లు. అవి కూడా బేస్ మోడళ్ళే. వాటిని లెక్కించడం ఇంకా కష్టం, ఎందుకంటే అవి కళ్ళముందే తిరుగుతున్నాయి, వేరే పేరుతో.

ఖర్చు ఒకటే, రాబడి వేరు

అందరూ మోసగాళ్ళని చెప్పడం అన్యాయం. ఎక్కువమంది బహిరంగంగానే మార్చారు, ‘క్లోన్’ అనో ‘ట్రిబ్యూట్’ అనో చెప్పి మరీ అమ్ముకున్నారు. వారి లెక్క చాలా సులువు. తుప్పు కోసి రేకు అతకడానికి, రంగుకు, క్రోమ్ పూతకు, సీట్లకు ఆరు సిలిండర్ల కారుకైనా పెద్ద ఇంజను కారుకైనా ఖర్చు దాదాపు ఒకటే. అమ్మేటప్పుడు ధర ఒకటి కాదు. 2014లో సియాటిల్ మీకమ్ వేలంలో 1971 ప్లిమత్ హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకటి 35 లక్షల డాలర్లు పలికింది. ఆ ధరల నీడ కింది మెట్ల మీదా పడుతుంది. అదే కారు ఆరు సిలిండర్ల రూపమైన స్లాంట్ సిక్స్ బారకుడాను పుట్టినట్టే బాగుచేసినవాడు పెట్టిన డబ్బు తిరిగి చూడటం కష్టం. కాబట్టి దానికి మూడే దారులు: పెరట్లో తుప్పు పట్టడం, విడిభాగాలకు ఒళ్ళు ఇవ్వడం, పెద్ద ఇంజనుతో వేషం మార్చడం. నాలుగు తలుపుల షెవెళ్ళలో చాలావాటికి రెండో దారే రాసిపెట్టి ఉంది.

విడిభాగాల పరిశ్రమ ఈ వాలును ఇంకా ఏటవాలు చేసింది. తొలితరం కమారో, మస్టాంగుల పూర్తి ఒంటినే కొత్తగా అచ్చుపోసి డైనాకార్న్ అమ్ముతోంది. 1997లో కార్వెట్‌తో వచ్చిన ఎల్.ఎస్. ఇంజను కుటుంబం పాత షెవర్లేలో ఇట్టే ఇమిడిపోతుంది. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందరి మోడళ్ళకు పొగ పరీక్ష లేదు కాబట్టి అడ్డూ లేదు. ఇందులో ఒక వింత ఉంది. చవక కార్లకు బిగించే చిన్న చక్రపు మూతల్ని ఇప్పుడు పెద్ద ఇంజను కార్లవాళ్ళు కోరి పెట్టుకుంటున్నారు, అమాయకంగా కనిపించడానికి. పేదకారు అందం అందరికీ కావాలి, దాని ఇంజను మాత్రం వద్దు.

మార్చినచోట ఆనవాళ్ళు మిగులుతాయి. 1965–66 మస్టాంగులో ఆరు సిలిండర్ల కారు చక్రానికి నాలుగు బోల్టులు, వి8కి అయిదు. ఇంజను ఒక్కటే మార్చి ఊరుకుంటే వెనక ఇరుసు, ముందు స్పిండిళ్ళు అసలు సంగతి చెప్పేస్తాయి. జాగ్రత్తగా మార్చినవాడు అవన్నీ మారుస్తాడు. అప్పుడు నంబరులోని ‘టి’ ఒక్కటే సాక్షి.

ఒక అభ్యంతరం, దానికి జవాబు

కారును మార్చుకోవడమే అమెరికా సంప్రదాయం కదా, పుట్టిన రూపం పట్ల ఈ భక్తి ఎందుకు అనవచ్చు. ఆ మాటకు బలముంది. నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ 1951లో పుట్టేనాటికే పాత ఫోర్డులకు కొత్త గుండెలు పెట్టడం ఒక కళ. పెన్సిల్వేనియాలోని కానన్స్‌బర్గ్‌లో డాన్ యెంకో తన డీలర్‌షిప్‌లోనే కమారోలకు 427 అంగుళాల ఇంజన్లు ఎక్కించి అమ్మాడు. అవి ఇప్పుడు పూజలందుకుంటున్నాయి. ‘బులిట్’ సినిమాలో నడిచిన 1968 మస్టాంగ్ 2020 జనవరిలో 37 లక్షల డాలర్లకు పైగా పలికింది. దాని మీద సినిమావాళ్ళు చేసిన మార్పుల్ని ఎవరూ చెరపకపోవడమే దాని విలువ. మార్పు కూడా చరిత్రే.

అయితే 1968లో చేసిన మార్పు ఆ కాలపు సాక్ష్యం. 2008లో చేసి, 1968 అని చెప్పుకునే మార్పు ఆ సాక్ష్యాన్ని తుడిచేస్తుంది. దీనివల్ల పోయేదేమిటో మస్టాంగ్ చరిత్రలో తేటగా కనిపిస్తుంది. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో 2,368 డాలర్ల ధరతో వచ్చిన ఆ కారు ఏడాదిలో నాలుగు లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ ధర ఆరు సిలిండర్ల కారుది. వి8 ఇంజన్లకు కటకట వచ్చిన 1966లో ‘స్ప్రింట్ 200’ పేరుతో, ఉద్యోగం చేసుకునే ఒంటరి యువతుల్ని ఉద్దేశించి ఫోర్డ్ ప్రకటనలు వేసింది. సొంత జీతంతో మొదటి కారు కొనుక్కున్న స్త్రీల కథ ఆ ‘టి’ అక్షరం కార్లలో ఉంది. వాటన్నిటినీ గర్జించే వి8లుగా మార్చేశాక, మజిల్ యుగం అంటే మగపిల్లల పందేల యుగమేనని తర్వాతి తరం నమ్ముతుంది. మిగిలిన కార్లను చూస్తే అలా నమ్మడంలో తప్పూ ఉండదు.

మన దేశంతో పోల్చితే ఒక తేడా కనిపిస్తుంది. అంబాసిడర్‌కు గర్జించే కవల లేదు. 2014లో ఉత్తరపారలో తయారీ ఆగాక అది అరుదవుతున్నది వయసు వల్ల, వేషం మారడం వల్ల కాదు. పైగా 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ నమోదుకు 50 ఏళ్ళు నిండటంతో పాటు బండి అసలు రూపంలో ఉండాలి. అమెరికాలో పాత కార్ల ప్రత్యేక నంబరు పలకలకు చాలా రాష్ట్రాల్లో వయసే ప్రధాన కొలత. రూపాన్ని కాపాడే పని అక్కడ క్లబ్బులకే మిగిలింది. 1935లో పుట్టిన యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా, బాగుచేయకుండా అసలు స్థితిలో ఉన్న కార్లకు వేరే విభాగం నడుపుతోంది. బ్రిటన్‌లో 2014 నుంచి ‘ఫెస్టివల్ ఆఫ్ ది అనెక్సెప్షనల్’ పేరుతో అతి మామూలు కార్లకే పండగ చేస్తున్నారు. అమెరికా మామూలు కారుకు అంత ఆదరణ ఇంకా రాలేదు.

ఈ కార్లు చేతిలో ఉన్నవారికి ఒక మనవి. ఇంజను మార్చడం మీ హక్కు. విప్పేముందు మాత్రం ఇంజను మీది అంకెలు, ఇరుసు మీది అంకెలు, తలుపు చట్రం పలక ఫోటో తీసి పెట్టండి. ట్యాంకు పైన, సీట్ల కింద బిల్డ్ షీట్ కోసం వెతకండి. తీసిన ఆరు సిలిండర్ల ఇంజనును తుక్కుకు వేయక గుడ్డ కప్పి మూలన ఉంచండి. అమ్మేటప్పుడు ఆ కాగితాలూ ఆ ఇంజనూ కారుతోనే పంపండి.