ఇంజను ఆయుష్షు: ఒక రాజదూత్ చరిత్ర

ప్రత్యేక సంచికకు ఉద్యోగ కాలపు విషయం ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చింది నా మోటారు సైకిలు. 1979లో శాఖ ఇచ్చిన అడ్వాన్సుతో కొన్న రాజదూత్ అది. జీతంలోంచి వాయిదాలు ఎప్పుడో తీరిపోయాయి, బండి మాత్రం నేటికీ మా పెరటి వసారాలో ఉంది. కొత్తగా బండి కొనే ప్రతివారూ "ఇంజను ఎన్నాళ్ళు మన్నుతుందండీ?" అని అడుగుతారు. నా అనుభవంలో తేలిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజుల్లో మన జంగారెడ్డిగూడెం మెట్టలో కనిపించే మోటారు సైకిళ్ళు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది బుల్లెట్. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా దానిని తయారుచేసేది. 346 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజను, పోత ఇనుప బ్లాకు. మోతుబరి రైతులు కొనేవారు. రెండవది మైసూరులో తయారైన జావా, 1973 తర్వాత అదే యెజ్డీ అయింది. మూడవది ఎస్కార్ట్స్ వారి రాజదూత్. పోలండు దేశపు నమూనా, 173 సీసీ టూ స్ట్రోక్. చూడ్డానికి అందం తక్కువైనా గతుకులకు తట్టుకునేది. అందుకే గ్రామాలు తిరిగే మావంటి ఉద్యోగులకు అది నచ్చింది.

టూ స్ట్రోక్ ఇంజనులో ఆయిలుకు వేరే తొట్టి ఉండదు. పెట్రోలులోనే ఆయిలు కలపాలి. నేను లీటరుకు 40 మిల్లీలీటర్లు కలిపేవాడిని. పిస్టనుకూ క్రాంకుకూ తడి ఇచ్చేది ఆ కాస్త ఆయిలే.

పిస్టను తిరిగే బ్లాకు లోపలి గోడ అన్నిచోట్లా సమానంగా అరగదు. మంట మండే పై భాగంలో ఎక్కువ, కింద తక్కువ అరుగుతుంది. కనెక్టింగ్ రాడ్డు తోపుకు పిస్టను ముందుకూ వెనక్కూ ఒరుసుకోవడం వల్ల గుండ్రని రంధ్రం కోలగా మారుతుంది. అప్పుడు రింగులు గోడను అంటిపెట్టుకోలేక ఒత్తిడి జారిపోతుంది. కిక్ కొడితే కాలికి బరువు తెలియదు, మనిషిని ఎక్కించుకుంటే ఎత్తు ఎక్కలేదు.

దానికి మందు బోరింగు. బ్లాకును సమంగా తొలిచి, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టను వేస్తారు. తర్వాతిసారి అర, ఆపైన ముప్పావు, చివరకు ఒక మిల్లీమీటరు. ఈ నాలుగు మెట్లూ అయిపోతే లోపల కొత్త ఇనుప స్లీవు దింపి మళ్ళీ మొదటి సైజుకు తేవచ్చు. అంటే ఆ ఇంజను ఒక్కసారి పుట్టి ఒక్కసారి పోయేది కాదు.

నా బండి మొదటి బోరింగు 1983లో జరిగింది. అప్పటికి తిరిగింది 22,000 కిలోమీటర్లే. ఇంత తొందరగానా అని విసుక్కున్నాను. మెకానిక్ ఏమీ అనకుండా గాలి జాలీ తీసి చూపించాడు. ఒక మూల చిరిగి ఉంది. కామవరపుకోట, చింతలపూడి రోడ్ల ఎర్ర దుమ్ము ఆ చిరుగులోంచి లోపలికి పోయి గోడను ఆకురాయిలా అరగదీసింది. జాలీ ఖరీదు కొద్ది రూపాయలు. బ్లాకు మూటగట్టుకుని బస్సులో ఏలూరు వెళ్ళి బోరింగు చేయించడానికి నాలుగు రోజులు సెలవు పెట్టాల్సి వచ్చింది.

రెండవసారి జరిగింది చెప్పడానికి నేటికీ మనసొప్పదు. 1986 వేసవిలో బుట్టాయగూడెం నుంచి వస్తుండగా పెట్రోలు అయిపోయింది. దారిలో కిరాణా కొట్టులో సీసా పెట్రోలు పోయించుకున్నాను. ఆయిలు దొరకలేదు. పది కిలోమీటర్లే కదా అనుకున్నాను. ఊరు కనపడే చోట పిస్టను పట్టేసి వెనక చక్రం బిగుసుకుంది. క్లచ్ పట్టాలన్న ధ్యాస ఆ క్షణంలో రాలేదు. ఇద్దరం పడ్డాం. నాకు దోక్కుపోయింది. వెనక కూర్చున్న సహోద్యోగికి మణికట్టు విరిగింది. ఆయన ఆ చేత్తోనే మరో పదిహేనేళ్ళు రిజిస్టర్లు రాశారు. రాత వంకర పోయిందే గాని నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఆయన లేరు. గోడ మీద లోతైన గీతలు పడ్డందున అర సైజు సరిపోక ముప్పావుకు వెళ్ళవలసి వచ్చింది. ఇంజను ఆయుష్షులో ఒక మెట్టు నా నిర్లక్ష్యానికి పోయింది.

ఆ తర్వాత బుద్ధి వచ్చింది. వారానికోసారి జాలీ దులపడం, సీటు కింద ఎప్పుడూ ఒక ఆయిలు డబ్బా. అదే బండి, అవే రోడ్లు. 1993 దాకా బ్లాకు విప్పే పని పడలేదు.

ఆ ఏడు మాత్రం అసలు సమస్య వచ్చింది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 అప్పటికి ఊరంతా తిరుగుతోంది. 97 సీసీ ఫోర్ స్ట్రోక్. ఆయిలు కలిపే బాధ లేదు, పొగ లేదు, లీటరుకు రాజదూత్‌కు రెట్టింపు దూరం. కొందామనే ఉంది. అదే నెలలో మా అమ్మాయికి కాలేజీ ఫీజు కట్టాలి. ఫీజు కట్టి, బండికి స్లీవు వేయించాను. కొత్త పిస్టనుతో మొదటి 1,000 కిలోమీటర్లు నలభై దాటకుండా నడిపాను. 2008లో రిటైరయ్యే రోజు కూడా ఆఫీసుకు ఆ బండి మీదే వెళ్ళాను.

ఈలోగా కాలం మారింది. పొగ నిబంధనలు బిగిసేకొద్దీ టూ స్ట్రోక్ మోటారు సైకిళ్ళు కనుమరుగయ్యాయి. బుల్లెట్ పాత పోత ఇనుప ఇంజను కూడా అలాగే పోయింది. కొత్త ఇంజన్లు మంచివి, సందేహం లేదు. శుభ్రమైన ఆయిలు, మంచి ఫిల్టరు ఉంటే ఏళ్ళ తరబడి విప్పే పనిలేదు. కాని కొన్నింటిలో బ్లాకు గోడకు గట్టి లోహపు పూత ఉంటుంది. దానిని మామూలుగా బోరు చేయడానికి వీల్లేదు, అరిగితే బ్లాకు మొత్తం మార్చాలి. బోరింగుకు వీలున్న వాటికీ తయారుగా దొరికే బ్లాకు, పిస్టను కిట్టే వేస్తున్నారు. అర మిల్లీమీటరు లెక్క తెలిసిన పనివాళ్ళు తగ్గిపోయారు.

మొన్న సంక్రాంతికి మా మనవడు వసారాలో బండి చూసి, పాత ఇనుముకు ఇచ్చేద్దాం తాతయ్యా అన్నాడు. కిక్ కొడితే పలకలేదు. పాత మెకానిక్ కొడుకుని పిలిచి విప్పించాను. బ్లాకు, పిస్టను బాగానే ఉన్నాయి. కదలక ఉండిపోవడం వల్ల క్రాంకు ఆయిలు సీళ్ళు ఎండి బిరుసెక్కాయి. సీళ్ళు మార్చి, కార్బురేటరు కడిగితే ఎనిమిదో కిక్‌కు పలికింది.

ఇంజను ఎన్నాళ్ళు మన్నుతుందంటే నా జవాబు ఇది. కిలోమీటర్లు అడగకండి. దుమ్ము ఎంత పోనిచ్చారు, ఆయిలు ఎప్పుడు మరిచారు, ఎన్నాళ్ళు కదపకుండా వదిలేశారు, ఈ మూడూ అడగండి. మూడవది మన సంఘ సభ్యులకు కూడా వర్తిస్తుందని వేరే చెప్పనక్కరలేదు.