మాంటిస్ ష్రింప్‌కి వేరు కాపురమే మంచిది

ఇంట్లో అక్వేరియం అంటే మగపిల్లల సరదా అనుకుంటాం గానీ, దాని చరిత్రలో మొదట కనిపించేది బట్టలు కుట్టిన ఒకావిడ. పేరు జాన్ విల్‌ప్రూ పవర్. ఫ్రాన్స్‌లో పల్లెటూళ్లో పుట్టి, పారిస్‌లో కుట్టుపని చేసి, పెళ్లయ్యాక సిసిలీ దీవిలోని మెస్సీనాకి కాపురానికి వెళ్లారు. ఆర్గొనాట్ అనే ఆక్టోపస్ జాతి జీవి తన గుల్లని తానే తయారు చేసుకుంటుందా, వేరేవాళ్లది కాజేస్తుందా అని పండితులు వాదించుకునే రోజులవి. 1832లో ఆవిడ గాజు తొట్టె చేయించి, ఓపిగ్గా గమనించి, తానే చేసుకుంటుందని తేల్చారు.

1846లో అన్నా థిన్ అనే ఆవిడ పగడపు జీవుల్ని లండన్‌లోని తన ఇంటికి తెచ్చారు. నీళ్లకి గాలి తగలాలని కిటికీ దగ్గర, మనం టీ తిరగబోసినట్టు, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోయించేవారు. చేసింది పనిమనిషే లెండి! 1853లో లండన్ జూలో ప్రజల కోసం అక్వేరియం తెరిచాక, ఇళ్లలో అదో వేలంవెర్రి అయింది.

ఇదంతా ఎందుకంటే, మా అబ్బాయి మా ఉప్పునీటి తొట్టెలో చేపలతో పాటు మాంటిస్ ష్రింప్‌ని వేద్దామంటున్నాడు. రంగులు చూస్తే నెమలే! పేరులో రొయ్య ఉన్నా రొయ్య కాదది, వేటగత్తె. వీటిలో కొన్ని ఈటెల్లాంటి ముందు కాళ్లతో చేపల్ని గుచ్చి పట్టేస్తాయి. కొన్ని సుత్తిలా గుద్ది నత్తల్ని, పీతల్ని పగలగొడతాయి, దొరికితే చేపనీ వదలవు. 2004లో షీలా పటెక్ బృందం ఆ దెబ్బ వేగం కొలిస్తే, సెకనుకి 23 మీటర్ల దాకా తేలింది. 1998లో ఇంగ్లండ్‌లోని గ్రేట్ యార్మత్ అక్వేరియంలో టైసన్ అనే మాంటిస్ ష్రింప్ గాజునే పగలగొట్టిందని వార్తలొచ్చాయి.

ఒక్కోసారి మనం కొనకపోయినా, తొట్టెలో వేసే సముద్రపు రాళ్ల కన్నాల్లో దాక్కుని వచ్చేస్తుందట. రాత్రి టక్ టక్‌మని చప్పుడు, పొద్దున్నకి ఒక చేప మాయం.

సముద్రంలో చేపకి పారిపోయే దారుంటుంది. తొట్టెలో ఎక్కడికి పోతుంది? పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. అలాగని మాంటిస్‌ది తప్పూ కాదు, దాని తిండి అది. కావాలంటే దానికి వేరే చిన్న తొట్టె, అక్రిలిక్ గోడలతో, దూరడానికి ఒక బొరియతో పెడదామన్నాను. జాన్ గారిలా ఎదురుగా కూర్చుని చూసుకోవచ్చు, చేపలూ బతుకుతాయి. మీ ఇంట్లో పిల్లలు అడిగినా ఇదే చెప్పండి.