లివింగ్‌స్టనును మోసికొని వచ్చినవారు



మన పల్నాటి సంఘములలో ఆదివారపు బడికి వెళ్లినవారిలో డేవిడ్ లివింగ్‌స్టన్ కథ విననివారు అరుదు. మోకాళ్లూని ప్రార్థించుచునే ప్రాణము విడిచెనని మన పెద్దలు చెప్పగా వింటిమి. ఆ కథతోపాటు మరియొక మాటను కూడ నేర్చుకొంటిమి: ఆఫ్రికా "చీకటి ఖండము" అని. ఈ మాట ఎవరు పెట్టిరో ఎన్నడైన ఆలోచించితిరా?

1878లో స్టాన్లీ అను యాత్రికుడు తన ప్రయాణ గ్రంథమునకు అట్టి పేరే పెట్టి దానిని లోకమంతట చాటెను. 1899లో జోసఫ్ కాన్రాడ్ కాంగో నదిమీది ప్రయాణమును గూర్చి కథ వ్రాసెను. దంతముల కొరకు తెల్లవారు చేసిన దురాశను అతడు ఖండించిన మాట నిజమే. అయినను ఆ కథలో ఆఫ్రికావారికి నోట మాటయే అరుదు. వారు అడవిలోని నీడలవలె కదలుదురు. ఇట్టి పుస్తకములనే ఆఫ్రికా పిల్లలు తమ బడులలో చదివిరి.

ఇప్పుడు లివింగ్‌స్టన్ కథలో మనకు సరిగా చెప్పని భాగమును వినుడి. 1873 మే నెలలో ఆయన మరణించినప్పుడు దగ్గర తెల్లవాడొక్కడును లేడు. చూమా, సూసీ మొదలగు ఆఫ్రికావారు ఆయన గుండెను ఒక చెట్టు క్రింద పాతిపెట్టి, దేహమును ఉప్పుతో ఎండబెట్టి, గుడ్డలోను చెట్టుపట్టలోను చుట్టి, వెయ్యి మైళ్లకు పైగా నడచి 1874 ఫిబ్రవరిలో సముద్రతీరమునకు చేర్చిరి. దారిలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఆ చెట్టు నొద్ద సమాధి ప్రార్థన చదివినవాడు జేకబ్ వెయిన్‌రైట్. బానిసల ఓడనుండి విడిపింపబడిన ఆ బాలుడు చదువుకొన్నది ఎక్కడనుకొన్నారు? మన దేశములోనే, నాసికులోని మిషను బడిలో! అతడు వ్రాసిన దినచర్య నేటికిని నిలిచియున్నది. చీకటిలో నున్నవారు చేయు పనియా ఇది?

నైజీరియాలో ఉపదేశకుని కుమారుడైన చినువా అచెబె ఈ సంగతిని బాగుగా గ్రహించెను. చిన్నతనమున ఆ కథలు చదివినప్పుడు తానును తెల్లవారి పక్షమే వహించితినని తరువాత ఒప్పుకొనెను. పిమ్మట 1958లో తన జనుల కథను తానే వ్రాసెను. అందులో మిషనరీలును కలరు, వారి మంచియు తప్పును కలవు. తన జనుల మంచియు తప్పును కూడ కలవు. 1975లో అమెరికాలో ప్రసంగించుచు కాన్రాడ్ కథలోని లోపమును బాహాటముగా చూపెను.

ఇది దూరదేశపు సంగతి అనుకొనకుడి. 1842లో గుంటూరు చేరిన హెయ్యరు దొరగారు 1849లో గురజాలకు వచ్చిరి. ఆయన కూడ 1873లోనే మరణించిరి. ఆయనకును ఆయన వెనుక వచ్చినవారికిని మనమెంతో ఋణపడియున్నాము. ఊరి బడిలో చోటు దొరకని మన తాతలకు మిషను బడి అక్షరము నిచ్చెను. అయితే మనలను గూర్చి సముద్రముల అవతలికి వెళ్లిన వ్రాతలు ఎక్కువగా వారివే. సహాయము కోరు ఉత్తరములో మన అజ్ఞానము పెద్దదిగా కనబడుట సహజము. ఎండలో ఊరూర తిరిగిన ఉపదేశకుడు, కూలి మానుకొని పిల్లను బడికి పంపిన తల్లి, గుడి గోడకు మట్టి మోసినవారు, వీరి పేర్లు ఎందరికి తెలియును?

వినుకొండలో 1895లో పుట్టిన జాషువా కవిగారు మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడైయుండిరి. 1941లో గబ్బిలముచేత ఒక నిరుపేద మొరను కాశీకి పంపించి, మనవారి బాధను మనవాని నోటనే పలికించిరి. ఇతరులు మన పక్షమున చెప్పుట ఒకటి, మనమే చెప్పుకొనుట మరియొకటి.

కాబట్టి ఒక చిన్న పని చేయుడి. మీ సంఘములోని ముసలివారియొద్ద కూర్చుండి, మొదట బాప్తిస్మము పొందినదెవరో, గుడికి స్థలమిచ్చినదెవరో, మొదటి పంతులెవరో అడిగి ఒక పుస్తకములో వ్రాసికొనుడి. వారు కన్నుమూసిన పిమ్మట అడుగుటకు ఎవరుందురు?

అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయమును మరల చదువుడి. ఫిలిప్పు రథమునొద్దకు పరుగెత్తునప్పటికే ఆ ఐతియొపీయుడు గ్రంథము తెరచి చదువుచుండెను. ఫిలిప్పు చేసినది రథమెక్కి అతని ప్రక్కన కూర్చుండుటయే.