విక్రయ నాయకత్వంలో శిక్షణ, సాన్నిహిత్యం: ఎన్.సి.ఆర్. అనుభవం (1884–1914)

ఆధునిక విక్రయ శిక్షణ చరిత్రను సాధారణంగా ఒక చిన్న పుస్తకంతో మొదలుపెడతారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో జాన్ హెచ్. ప్యాటర్సన్ 1884లో క్యాష్ రిజిస్టర్లు తయారుచేసే ఒక సంస్థను కొని, దానికి నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ (ఎన్.సి.ఆర్.) అని పేరుపెట్టాడు. తన బంధువు, సమర్థుడైన విక్రేత జోసెఫ్ క్రేన్ కొనుగోలుదారుతో మాట్లాడే తీరును 1887లో అక్షరబద్ధం చేయించి, విక్రేతలందరూ దాన్ని కంఠస్థం చేయాలని శాసించాడు. 1890లలో డేటన్‌లో శిక్షణ పాఠశాల కూడా వెలసింది. ఆ పుస్తకం ప్రాధాన్యం కాదనలేనిది. అయితే కంఠస్థం చేసిన పాఠం ఒక్కటే విక్రేతను తయారుచేసిందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

అమ్మవలసిన వస్తువు స్వభావాన్ని ముందు గమనించాలి. డేటన్‌లో మద్యశాల నడిపిన జేమ్స్ రిటీ, పనివారి చేతివాటం అరికట్టడానికి 1879లో రూపొందించిన యంత్రమిది. అంటే అనుమానం నుంచి పుట్టిన వస్తువు. దుకాణాల్లోని గుమాస్తాలు దాన్ని తమ నిజాయతీపై వేసిన నిందగా భావించారు. అటువంటి దుకాణంలోకి అడుగుపెట్టే కొత్త విక్రేతకు, గట్టు మీద నేర్చిన ఈత ఎంతవరకు అక్కరకు వస్తుంది?

థామస్ జె. వాట్సన్ ఉదంతం ఇక్కడే ముఖ్యమవుతుంది. కుట్టుమిషన్లు, పియానోలు అమ్మి, బఫెలో నగరంలో పెట్టిన మాంసం దుకాణం మూతపడిన తర్వాత, అతడు 1895 ప్రాంతంలో అక్కడి ఎన్.సి.ఆర్. శాఖలో చేరాడు. మొదటి రోజుల్లో ఒక్క యంత్రమూ అమ్మలేదు. శాఖాధికారి జాక్ రేంజ్ అతణ్ణి నిర్దాక్షిణ్యంగా తిట్టాడు. తిట్టి ఊరుకోలేదు, తానే వెంట బయలుదేరాడు. ఓడిపోతే ఇద్దరమూ కలిసే ఓడిపోదామన్నట్టు పక్కన నిలబడి, దుకాణదారుతో ఎలా మాట్లాడాలో చేసి చూపాడు. పాఠం అదే, పుస్తకమూ అదే. మారింది పక్కన నిలిచిన మనిషి. 1899 నాటికి వాట్సన్ రాచెస్టర్ శాఖకు అధికారి అయ్యాడు.

ఈ కథ ప్రధానంగా వాట్సన్ చెప్పుకున్నదే కనుక కొంత జాగ్రత్త అవసరం. విజేత తన తొలి గురువును స్మరించేటప్పుడు తిట్లు కూడా తీయగా మారిపోతాయి. అయినా, తన ఎదుగుదలను వివరిస్తూ అతడు పుస్తకాన్ని కాక ఒక మనిషిని ముందు నిలపడం గమనార్హం.

సంస్థలోపలి ఈ ఆత్మీయత సంస్థ వెలుపల న్యాయానికి హామీ ఇవ్వలేదు. ప్రశంసాపూర్వక చరిత్రలు తరచుగా దాటవేసేది ఈ భాగాన్నే. 1903లో కంపెనీ సొమ్ముతో, ఆ సంబంధం బయటపడకుండా, వాట్సన్ పాత యంత్రాల వ్యాపారం ఆరంభించి, ఆ రంగంలోని పోటీదారులను దెబ్బతీశాడు. దుకాణదారుతో నమ్మకంగా మాట్లాడటం నేర్చిన నేర్పే ఇక్కడ మారువేషానికి పనికివచ్చింది. 1913 ఫిబ్రవరిలో గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద ప్యాటర్సన్, వాట్సన్, మరికొందరు అధికారులు దోషులుగా తేలారు. 1915లో అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది.

ఆలోపే ప్యాటర్సన్ వాట్సన్‌ను పంపించివేశాడు. ఎందరో సమర్థులను అతడు అలాగే సాగనంపాడు. మనుషులను తీర్చిదిద్దడం తెలిసిన యజమానికి వారిని నిలుపుకోవడం తెలియలేదు. 1914లో వాట్సన్ చేరిన కంప్యూటింగ్-టాబ్యులేటింగ్-రికార్డింగ్ కంపెనీయే 1924లో ఐ.బి.ఎం. అయింది. విక్రేతల పాఠశాల, వార్షిక లక్ష్యాలు, వాటిని చేరినవారికి సత్కారాలు అన్నీ డేటన్ నుంచి అతని వెంటే అక్కడికి నడిచాయి.