లి హోవాంగ్ నామ్

లి హోవాంగ్ నామ్ (జననం: 1997 ఫిబ్రవరి 25) వియత్నాం టెన్నిస్ క్రీడాకారుడు. గ్రాండ్‌స్లామ్ జూనియర్ టైటిల్ గెలిచిన తొలి వియత్నామీయుడు. లి అతని ఇంటిపేరు. కంబోడియా సరిహద్దున ఉన్న తై నిన్‌లో పుట్టి, చిన్న వయసులోనే శిక్షణ కోసం బిన్ దువాంగ్ చేరాడు.

2015 వింబుల్డన్ బాలుర డబుల్స్‌లో నామ్ భారత కుర్రాడు సుమిత్ నాగల్‌తో జతకట్టాడు. ఫైనల్లో ప్రత్యర్థులు రైలీ ఒపెల్కా, అకిరా శాంటిలాన్. దాదాపు ఏడడుగుల ఒపెల్కా ఆ ఏడాది అక్కడే బాలుర సింగిల్స్ కూడా గెలిచాడు. పచ్చికపై అంత ఎత్తునుంచి దిగే సర్వీసును బ్రేక్ చేయడం మాటలు కాదు. మొదటి సెట్ టైబ్రేక్‌కు వెళ్లింది. అది 7-4తో దక్కాక, రెండో సెట్‌ను నామ్ జోడీ 6-4తో ముగించింది. వియత్నాం టెన్నిస్‌కు అంతకు ముందు అలాంటి రోజు లేదు.

జూనియర్ విజయం సీనియర్ ర్యాంకును తెచ్చిపెట్టదు. కొద్దిపాటి ప్రైజ్‌మనీ ఉండే కింది స్థాయి టోర్నీల్లో ఒక్కొక్క పాయింటూ కూడబెట్టుకుంటూ దాని పైనున్న చాలెంజర్ స్థాయికి ఎక్కాలి. ప్రయాణ ఖర్చులు భరించలేక చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. అందుకే సొంతగడ్డపై జరిగే టోర్నీలకు అంత విలువ. నామ్ ఈ మెట్లెక్కడానికి ఏళ్లు వెచ్చించి 2022లో 231వ ర్యాంకు అందుకున్నాడు. గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్ పోటీలకు ప్రవేశం దొరికేది సాధారణంగా ఆ చుట్టుపక్కల ర్యాంకుతోనే. ముందు నడిచిన స్వదేశీయుడు ఒక్కడూ లేని దారిలో అంతవరకూ రావడం వింబుల్డన్ కప్పు కంటే కష్టమైన పని.

స్వదేశంలో అతనికి ఎక్కువ పేరు తెచ్చింది ఆగ్నేయాసియా క్రీడలు. 2019లో ఫిలిప్పీన్స్‌లో పురుషుల సింగిల్స్ ఫైనల్ ఇద్దరు వియత్నాం ఆటగాళ్ల మధ్యే జరిగింది. అందులో నామ్ డేనియల్ న్గుయెన్‌ను ఓడించి, ఆ క్రీడల టెన్నిస్‌లో తమ దేశానికి తొలి స్వర్ణం అందించాడు. కోవిడ్ వల్ల వాయిదా పడి 2022లో వియత్నాంలోనే జరిగిన క్రీడల్లో త్రిన్ లిన్ జాంగ్‌పై నెగ్గి ఆ స్వర్ణాన్ని నిలబెట్టుకున్నాడు. డేవిస్ కప్‌లోనూ దేశం తరఫున ఆడాడు.

ఆ తర్వాత వియత్నాంలో టెన్నిస్‌ను పోలిన పికిల్‌బాల్ ఊపందుకుంది. నామ్ కూడా ఆ ఆటవైపు మళ్లి, ఆసియాలో జరిగే ప్రొఫెషనల్ పికిల్‌బాల్ పోటీల్లో ఆడుతున్నాడు.